గోటి కింద నెత్తుటి గీతలు గుండె జబ్బుకు గుర్తేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 29, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పది రోజుల క్రితం కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు గోళ్ల కింద ముదురు ఎరుపు రంగులో, వెంట్రుకంత సన్నగా, నిలువుగా రెండు గీతలు కనిపించాయి. రెండూ గోరు చివరకు దగ్గర్లోనే ఉన్నాయి. నొప్పి లేదు, దెబ్బ తగిలినట్టు గుర్తు లేదు. జ్వరం లేదు, గుండె జబ్బు లేదు, మందులేవీ వాడటం లేదు. నెట్‌లో వెతికితే 'గుండె వాల్వుకు ఇన్ఫెక్షన్' అని వచ్చింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, వెంటనే 2డి ఎకో (గుండెకు తీసే స్కాన్) తీయించుకోవాలా అని అడుగుతున్నారు. మాటల మధ్యలో, రెండు వారాల క్రితం ఇల్లు మారామని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన వివరాలే నిజమైతే ఇవి చిన్నపాటి దెబ్బ వల్ల వచ్చిన గీతలే అయి ఉంటాయి. ఈ గీతల కోసమే ఎకో అవసరం లేదు. గోరు పెరిగేకొద్దీ అవి ముందుకు జరిగి, గోటితో పాటే కత్తిరించుకుపోతాయి. ఇవే గీతలతో పాటు జ్వరం కూడా ఉండి ఉంటే మాత్రం నా జవాబు వేరుగా ఉండేది. ఆ తేడా ఎక్కడుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే భయంతో చదివేవాళ్లు ఇంకా ఉంటారు. నిజంగా భయపడాల్సి ఉండి తేలిగ్గా తీసుకునేవాళ్లూ ఉంటారు.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. గుంటూరు జిల్లాలో ఇరవై రెండేళ్లుగా రోగుల్ని చూస్తున్నాను. నాడి చూడటానికి చెయ్యి పట్టుకున్నప్పుడే గోళ్లు కూడా చూడటం చదువుకునే రోజుల నుంచి అలవాటు.

ఈ గీతల్ని మేము స్ప్లింటర్ హెమరేజ్ అంటాం. స్ప్లింటర్ అంటే చెక్క పేడు. గోటి కింద పేడు గుచ్చుకుని విరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. గోటి కింద ఉండే మెత్తటి చర్మం నున్నగా ఉండదు. దుక్కి దున్నిన చేలో చాళ్లలాగా, గోరు మొదలు నుంచి చివరి దాకా సన్నటి గట్లు, వాటి మధ్య సన్నటి కాలవలు ఉంటాయి. అతి సన్నటి రక్తనాళాలు ఆ గట్ల వెంటే నిలువుగా సాగుతాయి. వాటిలో ఒకటి చిట్లితే కారిన నెత్తురు పక్కలకు పాకలేదు. చాలు వెంట పారే నీళ్లలా నిలువుగానే సర్దుకుంటుంది. అందుకే అది మచ్చలా కాకుండా గీతలా ఉంటుంది. పొడవు మామూలుగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. మొదట ఎర్రగా ఉండి, కొద్ది రోజుల్లో ముదురు గోధుమ రంగులోకి, ఆ తరువాత నలుపులోకి తిరుగుతుంది. గోరు నొక్కి చూసినా రంగు పోదు, ఎందుకంటే ఆ నెత్తురు నాళంలో లేదు, బయటికి వచ్చి గడ్డకట్టింది.

అలా గడ్డకట్టిన నెత్తురు గోటికి అంటుకుని దానితో పాటే ముందుకు కదులుతుంది. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగం కూడా పెరగదు. అందుకే 'పది రోజులైనా పోలేదు' అని భయపడనక్కర్లేదు. పది రోజుల్లో అది కదిలేది ఒక్క మిల్లీమీటరు.

ఇక మీ ఇల్లు మారిన సంగతి. మీరు దాన్ని ఊరికే చెప్పారు గానీ నా కళ్లు అక్కడే ఆగాయి. అట్టపెట్టెలకు వేసిన టేపు అంచుని గోటితో గీకి లేపి ఉంటారు. బీరువా, మంచం పట్టుకుని ఎత్తి ఉంటారు. గోరు చివర పట్టుకుని పైకి లేపినప్పుడు అది గునపంలా పనిచేస్తుంది. గోరు చర్మాన్ని వదిలి బయటికి వచ్చే చోట ఆ ఒత్తిడంతా పడుతుంది. అక్కడి సన్నటి నాళాలు చిట్లినా నొప్పి తెలియకపోవచ్చు. పని హడావిడిలో గుర్తు కూడా ఉండదు. 'దెబ్బ తగల్లేదు డాక్టర్ గారూ' అని గట్టిగా చెప్పినవాళ్లనే ముందు వారం ఏమేం పనులు చేశారో ఒక్కొక్కటిగా అడిగితే సగం మందికి ఏదో ఒకటి గుర్తొస్తుంది.

మా ప్రాంతంలో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు ఉంటారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బొటనవేలు, చూపుడువేలు గోళ్లతో గిల్లడమే పని. దగ్గనీ, కళ్లు మంటలనీ నా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే ఆ రెండు వేళ్ల గోళ్ల చివర్లలో గీతలు ఉంటాయి. సీజన్ అయిపోయాక మళ్లీ వస్తే ఉండవు. వడ్రంగులు, బైక్ మెకానిక్‌లు, హోటళ్లలో వెల్లుల్లి ఒలిచేవాళ్లు, గోళ్లు కొరుక్కునే అలవాటున్నవాళ్లు, జిమ్‌లో బరువులెత్తేవాళ్లు, పార్లర్‌లో వేయించుకున్న జెల్ పాలిష్‌ని ఇంట్లో గీకి తీసేవాళ్లు, వీళ్లందరిలోనూ చూశాను. బూట్లు బిగుతుగా ఉంటే కాలి గోళ్లలో వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఒకటి రెండు గీతలు కనిపిస్తే నేను వాటిని కేస్ షీట్‌లో రాసుకుని వదిలేస్తాను.

గీత గోటిలో ఎక్కడుంది అన్నది మొదట చూడాలి. చివరి మూడో వంతులో ఉంటే దెబ్బ వల్ల అయ్యే అవకాశమే ఎక్కువ. గోరు మధ్యలో గానీ, మొదట్లో తెల్లటి నెలవంకకు దగ్గర్లో గానీ పుట్టిన గీత ఆలోచించాల్సినది. ఆ చోట గోరు చర్మాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, గిల్లుళ్ల ఒత్తిడి అంతలోతుకు తేలిగ్గా చేరదు. ఆ తరువాత, ఎన్ని వేళ్లలో ఉంది అని. పనిచేసే చేతిలో, అదీ ఎక్కువగా వాడే వేళ్లలో ఒకటి రెండు ఉంటే ఒక లెక్క. రెండు చేతుల్లో, నాలుగైదు వేళ్లలో ఒకేసారి పుడితే, పాతవి పోకముందే కొత్తవి వస్తుంటే ఇంకో లెక్క. ఇవి కూడా గట్టి సాక్ష్యాలేం కావు. మధ్యలో పుట్టిన గీత దెబ్బ వల్ల కావచ్చు, చివర్లో ఉన్నది జబ్బు వల్ల కావచ్చు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఆ గోరు ఉన్న మనిషి ఎలా ఉన్నాడు అన్నది. జ్వరం ఉందా? బరువు తగ్గుతోందా? చిన్నప్పుడు కీళ్లవాతం, అంటే కీళ్లు వాచి వచ్చి గుండె వాల్వుల్ని పాడుచేయగల జ్వరం, వచ్చిందా? గుండె వాల్వు పాడైందని ఎవరైనా చెప్పారా? గోటి గీత ఒక్కటే చూసి ఏ డాక్టరూ ఏదీ తేల్చలేడు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన జబ్బు గురించి. దాని పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. గుండె వాల్వుల మీద సూక్ష్మజీవులు చేరి గడ్డలా పెరుగుతాయి. అక్కడ్నించి చిన్న చిన్న ముక్కలు రక్తంలో కొట్టుకొచ్చి నాళాలకు అడ్డం పడతాయి. దానికి తోడు సన్నటి నాళాల గోడలు వాస్తాయి. గోళ్లలో గీతలు ఆ దారిలో వస్తాయి. కెనడాకు చెందిన విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1885లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలతో ఈ జబ్బు గురించి డాక్టర్లకు స్పష్టత వచ్చింది. వేళ్ల కొసల్లో బఠాణీ గింజలా లేచి, ముట్టుకుంటే నొప్పి పెట్టే ఎర్రటి బుడిపెలకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. వైద్య పుస్తకాల్లో ఈ జబ్బు లక్షణాల దగ్గర గోటి గీతలు తప్పకుండా కనిపిస్తాయి. నెట్ వాళ్లు దాన్నే ఎత్తి రాస్తారు కాబట్టి మీకు మొదట అదే ఎదురైంది.

కానీ పుస్తకాల్లో ఉన్నా, దానికి ఎంత విలువ ఇవ్వాలో డాక్టర్లు ఎప్పుడో తేల్చుకున్నారు. ఈ జబ్బును నిర్ధారించడానికి అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వైద్యులు 1994లో ఒక పద్ధతి తయారుచేశారు. ప్రపంచమంతా కొన్ని మార్పులతో ఇప్పటికీ దాన్నే వాడుతోంది. అందులో అరచేతుల మీద వచ్చే నొప్పిలేని ఎర్ర మచ్చలకు చోటుంది, ఆస్లర్ బుడిపెలకు చోటుంది. గోటి గీతలకు లేదు. ఆరోగ్యవంతుల్లోనూ అంత మామూలుగా కనిపించే గుర్తు కాబట్టే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంకో సంగతి. ఈ జబ్బు నిజంగా ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి గోటి గీతలు ఉండవు. కాబట్టి గీత ఉందని జబ్బు ఉన్నట్టు కాదు. గీత లేదని జబ్బు లేనట్టూ కాదు.

నాకు మరపురాని ఒక కేసు చెబుతాను. కొన్నేళ్ల క్రితం ముప్ఫై నాలుగేళ్ల ఆవిడ వచ్చింది. ఐదు వారాలుగా సాయంత్రం కాగానే జ్వరం. ఊళ్లో వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. వారం రోజులు ఇంజెక్షన్లు చేశారు. జ్వరం తగ్గింది, మందు ఆపిన నాలుగో రోజుకి మళ్లీ వచ్చింది. ఇంకోచోట ఇంకో రకం ఇంజెక్షన్లు. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆరు కిలోలు తగ్గింది, మనిషి పాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే నాలుగు వేళ్ల గోళ్లలో గీతలు, వాటిలో మూడు గోరు మధ్యలో ఉన్నాయి. మిరపకాయల పని చేస్తావా అమ్మా అని అడిగాను. లేదండి, నెల నుంచి మంచం దిగలేదు అంది. కాలి బొటనవేలి కొసన ముట్టుకుంటే ఉలిక్కిపడింది. స్టెత్ పెడితే గుండె చప్పుడులో మర్మర్, అంటే వాల్వు పాడైనప్పుడు వచ్చే అదనపు శబ్దం, వినిపించింది. అప్పుడు అడిగితే వాళ్లమ్మ చెప్పింది, పదకొండేళ్లప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందనీ, ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించేవాళ్లమనీ, పెళ్లయ్యాక మానేశామనీ. జ్వరం మొదలవడానికి ముందు పుచ్చిన పన్ను ఒకటి పీకించుకుందట. నోట్లోని సూక్ష్మజీవులు ఆ గాయంలోంచి రక్తంలోకి, అక్కడ్నించి పాడైన వాల్వు మీదికి చేరగలవు.

రోగం ఏమిటో అక్కడే తొంభై శాతం తెలిసిపోయింది. కానీ రుజువు దొరకడం కష్టమైంది. రక్తంలో సూక్ష్మజీవిని పట్టుకోవడానికి బ్లడ్ కల్చర్ చేయాలి. అప్పటికే ఒంట్లో రెండు విడతల యాంటీబయాటిక్ ఉంది. మొదటి కల్చర్లలో ఏమీ పెరగలేదు. పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ యాంటీబయాటిక్ ఆపి, కనిపెట్టుకుని ఉండి మళ్లీ తీస్తే అప్పుడు దొరికింది. ఎకోలో మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండేది) మీద గడ్డ కనిపించింది. ఆరు వారాలు నరానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. బతికింది. ఇప్పటికీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోగానే రెండు చేతులూ చాపి ముందు గోళ్లు చూపిస్తుంది.

ఇది చెప్పేటప్పుడు నాకు గోళ్ల కంటే ఎక్కువ బాధ కలిగించేది ఆ పోయిన ఐదు వారాలు. మన దగ్గర ఏ జ్వరం తగ్గకపోయినా టైఫాయిడ్ పేరు పెట్టేస్తారు. వైడల్ 1896 నాటి పరీక్ష. టైఫాయిడ్ విస్తారంగా ఉన్న మన లాంటి చోట, ఎప్పుడో సోకి పోయినా అది పాజిటివ్ చూపించవచ్చు. అది చూసి యాంటీబయాటిక్ మొదలుపెడితే లోపల ఉన్న అసలు జబ్బు అణిగినట్టు నటిస్తుంది, ఈలోపు వాల్వుని తినేస్తుంది. వారం దాటిన జ్వరానికి, అందులోనూ వాల్వు జబ్బు ఉన్నవాళ్లకు, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ తీయమని అడగండి. ఒకటి కాదు, వేర్వేరు చోట్ల గుచ్చి మూడు సార్లు తీయాలి. అడిగితే డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ఇంకొన్ని కారణాలు కూడా చెప్పాలి. సోరియాసిస్ ఉన్నవాళ్ల గోళ్లలో ఈ గీతలు మామూలే. వాళ్ల గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు కూడా ఉంటాయి, మోచేతుల మీద, తలలో పొలుసులు ఉంటాయి. తలలో పొలుసుల్ని చుండ్రు అనుకుని ఏళ్లు గడిపినవాళ్లు చాలామంది ఉన్నారు. గోటికి ఫంగస్ పట్టి మందంగా, పసుపుగా మారినప్పుడు కూడా వస్తాయి. లూపస్ లాంటి జబ్బుల్లో, అంటే ఒంట్లో రక్షణ వ్యవస్థ సొంత నాళాల మీదే తిరగబడే వాటిలో, గోళ్ల మొదట్లో గీతలు రావచ్చు. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకరు గోటి గీతల కోసం కాదు, జుట్టు రాలుతోందని వచ్చింది. ఎండలోకి వెళ్తే బుగ్గలు ఎర్రబడటం, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకోవడం, నోట్లో పుళ్లు అన్నీ ఉన్నాయి, ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. మూత్రంలో ప్రొటీన్ పోతోందని పరీక్షలో తేలింది. తొందరగా దొరికింది కాబట్టి కిడ్నీలు నిలిచాయి. ఇలాంటి జబ్బుల్లోనే ఒకటి, రక్తం అతిగా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. మళ్లీ మళ్లీ గర్భం పోయిన ఆడవాళ్లలో, చిన్న వయసులో కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లలో దీన్ని తప్పకుండా గుర్తుచేసుకోవాలి.

మందుల సంగతి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లకు చిన్న ఒత్తిడికే నాళం చిట్లి నెత్తురు కారుతుంది. వాల్వు మార్పిడి అయినవాళ్లు గోళ్లలో గీతలు చూసి భయపడి ఆ మాత్ర మానేయడం నేను చూశాను. ఎట్టి పరిస్థితుల్లోనూ మీ అంతట మీరు ఆ మాత్ర ఆపకండి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించండి. వాల్వు మార్చినవాళ్లకు జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. క్యాన్సర్‌కి వాడే సునిటినిబ్, సొరాఫెనిబ్ మందులతో కూడా గీతలు వస్తాయి, నొప్పి ఉండదు. మీ క్యాన్సర్ డాక్టరుకు చెబితే చాలు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలోనూ కనిపిస్తాయి.

గీతల్లా కనిపించే వేరే వాటి గురించి కాస్త. ఆషాఢంలో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల గోళ్లు చూడటం కుదరదు, గోరింటాకు పండి ఉంటుంది. చర్మం మీద పది రోజుల్లో పోయే ఆ రంగు గోటి మీద నెలల తరబడి ఉంటుంది. అది పెరిగి పోయేటప్పుడు అంచుల్లో ఎర్రటి చారలు మిగిలితే నెత్తురనుకుని భయపడినవాళ్లున్నారు. తలుపు సందులో వేలు నలిగితే వచ్చేది పెద్ద నల్లటి మచ్చ, గీత కాదు. ఇక మన చర్మం రంగు వాళ్లలో గోరు మొదలు నుంచి చివరి దాకా పట్టీలా సాగే గోధుమ రంగు చార చాలామందికి ఉంటుంది. అది నెత్తురు కాదు, చర్మానికి రంగునిచ్చే పదార్థమే. చాలావరకు ప్రమాదం లేనిదే. కానీ ఒకే గోటిలో కొత్తగా వచ్చిన నల్లటి పట్టీ వెడల్పు అవుతున్నా, రంగు గోటి పక్క చర్మంలోకి పాకుతున్నా ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. అరుదుగా అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. అలాగే ఒకే గోటిలో, ఒకే చోట గీత ఎన్ని నెలలైనా కదలకుండా ఉంటే గోటి కింద చిన్న కాయ ఏమైనా ఉందేమో చూడాలి.

కదులుతోందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. పగటి వెలుతురులో, స్కేలు పక్కన పెట్టి గోటికి ఫోటో తీయండి. గోటి మొదట్లో ఉండే చర్మం అంచు నుంచి గీత దాకా ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోండి. రెండు వారాలకోసారి తీస్తే చాలు. రోజుకు పదిసార్లు చూసుకుంటే టెన్షన్ పెరగడం తప్ప తేడా ఏమీ కనిపించదు. దూరం పెరుగుతుంటే అది పాత నెత్తురు, బయటికి పోతోంది. పిన్నీసుతో గీకి తీయాలని చూడకండి, అలా గీకి గోరుచుట్టు తెచ్చుకున్నవాళ్లకు నేనే కోసి చీము తీశాను. కాల్షియం మాత్రలు, ఐరన్ టానిక్కులు దీనికి పనిచేయవు.

పరీక్షలు ఎప్పుడు? ఏ ఇబ్బందీ లేకుండా ఒకటి రెండు గీతలే ఉంటే ఏమీ అక్కర్లేదు. దెబ్బలేమీ లేకుండా చాలా వేళ్లలో వస్తుంటే సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉందేమో చూసేది), షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూత్ర పరీక్షతో మొదలుపెడతాను. కీళ్ల నొప్పులు, దద్దుర్లు ఉంటే లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష. జ్వరం గానీ, మర్మర్ గానీ ఉంటే బ్లడ్ కల్చర్లు, ఎకో. మీరు అడిగిన 2డి ఎకో కూడా సరైన మనిషికి, సరైన సమయంలో చేస్తేనే అర్థముంటుంది. అనుమానం బలంగా ఉన్నప్పుడు మామూలు ఎకోలో ఏమీ కనిపించకపోయినా, గొంతులోంచి గొట్టం వేసి తీసే ఎకో అవసరమవుతుంది.

గీతలతో పాటు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి: తగ్గని జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆయాసం, వేళ్ల కొసల్లో నొప్పి బుడిపెలు, అరచేతుల్లో అరికాళ్లలో ఎర్ర మచ్చలు, మూత్రంలో నెత్తురు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం లాంటివి ఉంటే నిమిషం కూడా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

మీ విషయానికొస్తే, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. మిగిలిన అట్టపెట్టెలు కత్తెరతో తెరవండి. ఈరోజు ఒక ఫోటో తీసి పెట్టుకోండి, రెండు వారాలాగి ఇంకోటి తీయండి. ఒకటే అడుగుతాను: చిన్నప్పుడు కీళ్లు వాచి చాలా రోజులు జ్వరం వచ్చిందా, ఎవరైనా నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించేవారా అని మీ అమ్మగారికి ఫోన్ చేసి కనుక్కోండి. మీకు గుర్తుండే వయసు కాదు, ఆవిడకు గుర్తుంటుంది. అవును అంటే ఇక్కడే మళ్లీ రాయండి, అప్పుడు ఎకో గురించి మాట్లాడదాం.